డెల్టా రోడ్లకి ఏ లోబెడ్ నిలుస్తుంది

లోబెడ్ అంటే భారీ మిషన్లని మోసే ట్రైలర్, సరుకు పెట్టే పలక (డెక్) ఎత్తు తక్కువగా ఉంటుంది. దాని పక్క బీము మీద ‘40 టన్నులు’ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. బీములు విరగకుండా మోయగల బరువు అది. రోడ్డు మీద చట్టబద్ధంగా ఎంత వేసుకోవచ్చో ఆర్‌సీలో ఉంటుంది. ఈ రెండు అంకెలకీ మధ్య ఏడెనిమిది టన్నుల తేడా మామూలే. అయినా గోదావరి డెల్టాలో లోబెడ్ కొనేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ‘ఎన్ని టన్నులు లాగుద్ది?’ అనే. మా దృష్టిలో అది మూడో ప్రశ్న. కాలువ వంతెన దగ్గర తిరుగుతుందా, కరెంటు తీగ కింద దూరుతుందా అన్నవి దానికంటే ముందు తేల్చుకోవాలి. ఇక్కడ బండి ఆగిపోయేది ఎక్కువగా ఆ రెండు చోట్లే.

ముందు బరువు లెక్క తేల్చేద్దాం. 2018 జూలైలో కేంద్రం పెంచిన పరిమితుల ప్రకారం నాలుగు టైర్ల సింగిల్ ఆక్సిల్‌కి 11.5 టన్నులు, రెండు ఆక్సిళ్ల జతకి 21, మూడు ఆక్సిళ్ల బోగీకి 27 టన్నులు. పది టైర్ల పుల్లర్‌కి (ట్రైలర్‌ని లాగే ముందు బండి) మూడు ఆక్సిళ్ల ట్రైలర్ తగిలిస్తే మొత్తం బరువు 55 టన్నులు దాటకూడదు. పుల్లర్ ఖాళీ బరువు తొమ్మిది, తొమ్మిదిన్నర. మూడు ఆక్సిళ్ల లోబెడ్ పన్నెండున్నర నుంచి పదమూడు. ఇవి పోగా సరుకుకి మిగిలేది సుమారు 33 టన్నులు. ఆరు టైర్ల పుల్లర్ అయితే మొత్తం పరిమితి 45.5, సరుకుకి మిగిలేది దాదాపు 26. పుల్లర్ పేరులోనే ఈ లెక్క సగం ఉంటుంది. 4018 అంటే 40 టన్నుల శ్రేణి, దాదాపు 180 హార్స్‌పవర్. 5530 అంటే 55 టన్నులు, 300 హార్స్‌పవర్.

డెల్టాలో ఎక్కువగా తిరిగేది 20 టన్నుల తరగతి ప్రొక్లెయినర్ (చైన్ల మీద నడిచే తవ్వకం మిషన్). భీమవరం, ఆకివీడు వైపు చెరువు తవ్వకాలకైనా, వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీయడానికైనా వచ్చేది అదే. పనిముట్లతో కలిపి బరువు 21, 22 టన్నులు. బూమ్ (తవ్వే పొడవాటి చేయి) మడిచి పడుకోబెడితే పొడవు తొమ్మిదిన్నర మీటర్లు, ఎత్తు మూడు మీటర్లు, వెడల్పు 2.8 మీటర్లు. బురదలో దిగబడకుండా వెడల్పు చైన్ ప్లేట్లు వేయించిన మిషన్ అయితే మూడు మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. బండి వెడల్పుకి చట్టం ఇచ్చిన హద్దు 2.6 మీటర్లు. అంటే ఈ మిషన్ ఎక్కిన ప్రతిసారీ అది అధిక పరిమాణం సరుకే, రవాణా శాఖ అనుమతి కావాల్సిందే. రోజూ తిరుగుతున్నాయి కదా అని చాలామంది తీసుకోరు. పక్క బండికి తగిలి బీమా క్లెయిమ్ వేసిన రోజున ఆ కాగితం కావాలంటే ఎక్కడి నుంచీ రాదు.

ఇక రకాలు. సెమీ లోబెడ్ అంటే మామూలు 20 అంగుళాల రిమ్ము టైర్ల మీద కూర్చునే ట్రైలర్. టైరే మీటరు పైన ఎత్తు ఉంటుంది కాబట్టి డెక్ 1.25 మీటర్ల దాకా వస్తుంది. దానిమీద మూడు మీటర్ల మిషన్ ఎక్కితే 4.25. ధర తక్కువ, టైర్లు ఎక్కడైనా దొరుకుతాయి, తిరుగు కిరాయికి ఇనుమో సిమెంటు పైపులో వేసుకోవచ్చు. 216ఎ జాతీయ రహదారి మీద రాజమహేంద్రవరం నుంచి తణుకు దాకా పోయే పనికైతే దీనికి వంక పెట్టలేం. కోనసీమ లోపలికి పోవాలంటే మాత్రం వద్దు. వీధి దాటే లో టెన్షన్ తీగ నేలకి 5.8 మీటర్ల పైన ఉండాలనీ, 11 కేవీ లైను 6.1 మీటర్ల పైన ఉండాలనీ నిబంధన. కొబ్బరి తోటల మధ్య వాలిన స్తంభాలకి, ఇళ్లలోకి లాగిన సర్వీసు వైర్లకి ఆ నిబంధన తెలియదు. ఊరి ముఖద్వారాలు, జాతర పందిళ్లు సరేసరి. అక్కడ 30 సెంటీమీటర్లు తక్కువ ఎత్తున్న డెక్ ఒక పూట పని మిగులుస్తుంది.

మేం సిఫార్సు చేసేది 17.5 అంగుళాల రిమ్ము మీద, మెడ (పుల్లర్ మీద ఆనే ముందు భాగం) ట్రైలర్‌కే అతికించి ఉన్న మూడు ఆక్సిళ్ల లోబెడ్. 235/75ఆర్17.5 టైరు ఎత్తు 80 సెంటీమీటర్లే. దాని పైన చిన్న ఖాళీ, పలక మందం కలుపుకుంటే డెక్ 95 సెంటీమీటర్లకి వస్తుంది. మిషన్‌తో కలిపి నాలుగు మీటర్ల లోపే. లోడ్ ఇండెక్స్ 143/141 ఉన్న టైరు జంటగా వేసినప్పుడు ఒక్కొక్కటి 2,575 కిలోలు మోస్తుంది. పన్నెండు టైర్లకి 30.9 టన్నులు, బోగీ పరిమితి 27. సరిపోతుంది గానీ మిగులు పెద్దగా లేదు. జంటలో ఒక టైరుకి గాలి తగ్గితే పక్కది రెండింటి భారం మోసి వేడెక్కి పేలుతుంది. చిన్న టైరు అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, లోపలి డ్రమ్ము కూడా చిన్నదే. అందుకే హబ్ గ్రీజు, బ్రేక్ లైనర్లు మామూలు ట్రైలర్ కంటే తరచుగా చూసుకోవాలి. గాలి ఎంత కొట్టాలో టైరు గోడ మీద రాసినదే చూడండి, పంక్చర్ షాపు అలవాటు వద్దు.

పొడవు విషయంలో చాలామంది పొరపడతారు. పన్నెండు మీటర్ల డెక్ ఉంటే ఏదైనా వేయొచ్చని కొంటారు, తర్వాత లాకు దగ్గర ఇరుక్కుంటారు. డెల్టా రోడ్డు గుణమే అంత: కాలువ గట్టు వెంట నేరుగా పోతుంది, వంతెన దగ్గర తొంభై డిగ్రీలు తిరగమంటుంది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క బోదె. పుల్లర్ ముందు చక్రం 12 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతోందనుకోండి, దాని వీల్‌బేస్, అంటే ముందు వెనక ఆక్సిళ్ల మధ్య దూరం, 4 మీటర్లు. కింగ్‌పిన్ (మెడ కింద ఉండి పుల్లర్‌కి తగులుకునే ఇనుప కడ్డీ) నుంచి ట్రైలర్ మధ్య ఆక్సిల్ దాకా 8 మీటర్లుంటే, పూర్తి చుట్టు లెక్కలో వెనక చక్రాలు ముందు చక్రం దారి కంటే 4 మీటర్లు లోపలికి కోస్తాయి. అదే 10 మీటర్లుంటే 6.7 మీటర్లు. ఒక్క మలుపులో ఇంత పూర్తిగా పడదు. అయినా రెండు మీటర్ల పొడవుకి రెండున్నర మీటర్లకు పైగా రోడ్డు పోతోందన్నది గమనించాలి. వంతెన పిట్టగోడ ఎగిరిపోయేది ఆ రెండున్నర మీటర్లలోనే. 20 టన్నుల ప్రొక్లెయినర్‌కి చైన్ల పొడవు నాలుగున్నర మీటర్లే కాబట్టి మెడ వెనక ఏడున్నర, ఎనిమిది మీటర్ల డెక్ చాలు. బూమ్ వెనక వాలు మీదుగా చాచుకుంటుంది. కింగ్‌పిన్ నుంచి మధ్య ఆక్సిల్‌కి 8 మీటర్లు మించని డ్రాయింగే అడగండి.

మూడు ఆక్సిళ్లకీ ఒక కష్టం ఉంది. ఇరుకు మలుపులో మధ్య ఆక్సిల్ ఇరుసులా నిలబడి, ముందూ వెనకా ఉన్న టైర్లు పక్కకి ఈడ్చుకుపోతాయి. ఎండు తారు మీద టైరు అరుగుతుంది. తడి నల్లమట్టి మీద ట్రైలర్ మొత్తం గట్టు అంచుకి జారుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఒక ఆక్సిల్ పైకెత్తే ఏర్పాటు పెట్టించుకుంటే టైర్ల ఖర్చు తగ్గుతుంది. లోడుతో ఉండగా ఎత్తకూడదు. మలుపులో ఎత్తి తిప్పే డ్రైవర్లున్నారు, కమాన్ పట్టీలు తెగేది అలాంటప్పుడే.

లోడింగ్ దగ్గర జరిగే ప్రమాదాలకి మూలం ర్యాంపు. 95 సెంటీమీటర్ల డెక్‌కి 2.4 మీటర్ల ర్యాంపు వేస్తే వాలు 23 డిగ్రీలు. పొడి నేలలో ప్రొక్లెయినర్ ఎక్కేస్తుంది. చెరువులోంచి నేరుగా వచ్చిన చైన్, దానికంటిన జిగురుమట్టి, కింద ఇనుప ర్యాంపు, పైన తుంపర అంటే ఆ వాలు చాలా ఎక్కువ. డెక్ చివర వాలుగా దించి 75 సెంటీమీటర్లకి తెచ్చి, దానికి మూడు మీటర్ల ర్యాంపు బిగిస్తే 15 డిగ్రీల లోపు వస్తుంది. అంత ర్యాంపుని మనుషులు ఎత్తలేరు. స్ప్రింగు సాయం ఉండాలి, లేదంటే హైడ్రాలిక్. డబ్బు ఆదా చేయాలనుకుంటే ఇంకెక్కడైనా చేయండి, ఇక్కడ వద్దు. ర్యాంపు మీద అడ్డంగా వేసే యాంగిల్ పట్టీలు ఇనుప చైన్‌కి పట్టునిస్తాయి, రబ్బరు చైన్ల వరికోత మిషన్‌కి మాత్రం ట్రాక్ కోస్తాయి. సార్వా, దాళ్వా కోతలప్పుడు ఆ కిరాయి కూడా పట్టాలనుకుంటే పట్టీల అంచులు గుండ్రంగా గ్రైండింగ్ చేయించి, ర్యాంపులు పక్కకి జరిగేలా పెట్టించండి.

మిషన్ బరువు డెక్ చివరకి వచ్చిన క్షణం గురించి కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. 22 టన్నులు మధ్య ఆక్సిల్‌కి మూడు మీటర్లు వెనక నిలబడితే, ఖాళీ ట్రైలర్ మెడ దగ్గర పుల్లర్ మీద వేసే నాలుగు టన్నుల బరువు పోను, ఇంకో నాలుగు టన్నుల బలం కింగ్‌పిన్‌ని పైకి లేపుతుంది. అంటే పుల్లర్ వెనక చక్రాలు తేలిపోతాయి. పుల్లర్ హ్యాండ్‌బ్రేక్ పట్టేది ఆ చక్రాలనే. బండి ముందుకు జరుగుతుంది, మిషన్ ర్యాంపుకీ డెక్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. దీనికి మందు రెండు పనులు. డెక్ తోక కింద కాలు జాకీ ఉండాలి, జాకీ కింద అడుగున్నర చదరపు గట్టి చెక్క వేయాలి. మెత్తటి గట్టు మీద చెక్క లేని జాకీ మట్టిలోకి దిగబడిపోతుంది. రెండోది, ట్రైలర్ ఆక్సిళ్లలో కనీసం రెండింటికి స్ప్రింగ్ బ్రేక్ చాంబర్లు (బండి ఆపి ఉంచినప్పుడు స్ప్రింగు బలంతో బ్రేకు పట్టి ఉంచేవి) ఉండాలి, వాటికి తోడు టైర్లకి ముందూ వెనకా ఆపులు. కొత్త ట్రైలర్లలో కూడా ఒక్క ఆక్సిల్‌కే స్ప్రింగ్ చాంబర్ పెట్టి ఇచ్చే షెడ్లున్నాయి. పడుకుని చూడండి. సర్వీస్ చాంబర్ ఒకే గిన్నెలా, స్ప్రింగ్ చాంబర్ రెండు గిన్నెలు అతికించినట్టు ఉంటుంది.

ఎక్కించేటప్పుడు బూమ్ ముందుకు, చైన్లని తిప్పే ట్రావెల్ మోటార్లు వెనక్కి ఉండాలి. స్పీడు తక్కువలో పెట్టి, ఆటో డీసెల్ (ఇంజిన్ వేగాన్ని తానే తగ్గించే ఏర్పాటు) ఆపేసి నేరుగా ఎక్కాలి. ర్యాంపు మీద స్టీరింగ్ కొట్టకూడదు, వంకర వస్తే దిగి మళ్లీ ఎక్కాలి. పైకి వచ్చాక బూమ్ వెనక్కి తిప్పండి. మెడ మీదికి పెడితే మెడ ఎత్తంతా మిషన్ ఎత్తుకి కలుస్తుంది. ఎక్కడ ఆపాలన్నదానికి చిన్న లెక్క: కింగ్‌పిన్ నుంచి మధ్య ఆక్సిల్‌కి 8 మీటర్లున్న ట్రైలర్ మీద 22 టన్నుల మిషన్ ఒక మీటరు ముందుకి జరిగితే 2.75 టన్నులు ఆక్సిళ్ల మీంచి పుల్లర్ మీదికి పోతుంది. మొదటి లోడుకి వేబ్రిడ్జి మీద బోగీని విడిగా, పుల్లర్‌ని విడిగా తూయించి, సరిగ్గా వచ్చిన చోట డెక్ మీద పెయింటు గీత గీయిస్తే ఇక ఏ ఆపరేటర్ ఎక్కించినా తేడా రాదు.

మెడ ఊడదీసి ముందు నుంచి ఎక్కించే రకం చూడ్డానికి ఘనంగా ఉంటుంది. డెక్ నేలకి ఇంకా దగ్గరగా వస్తుంది, రోలర్లకీ పేవర్లకీ అదే మంచిది. మెడ విడదీసి మళ్లీ తగిలించడానికి మాత్రం చదునైన గట్టి నేల కావాలి. పుంతదారి మీద అది దొరకదు, పైగా డెక్ పొట్ట వంతెన వీపుకి తగులుతుంది. డెల్టాలో కాలువ వంతెనలు చాలావరకు రోడ్డు కంటే ఎత్తుగా వీపులా లేచి ఉంటాయి. హైడ్రాలిక్ మాడ్యులర్ ఆక్సిళ్ల ట్రైలర్లు 40 టన్నులు దాటిన పైలింగ్ రిగ్గులకీ, ఫ్యాక్టరీ సామాన్లకీ. అవి అద్దెకి తెచ్చుకునేవే, వంతెన పనులు చేసే కంపెనీలు తప్ప సొంతంగా కొనడం దండగ.

పుల్లర్ సంగతి. లోపలి ఊళ్లకి ఆరు టైర్లది చిన్నగా తిరుగుతుంది, 21 టన్నుల మిషన్‌కి చట్టప్రకారం కూడా సరిపోతుంది. కానీ వాన పడ్డాక గట్టు దిగి మెరక ఎక్కాలంటే ఒక్క ఆక్సిల్ లాగుడు చాలదు, చక్రం అక్కడే తిరుగుతూ గుంట తవ్వుతుంది. ఏడాది పొడవునా నడపాలనుకుంటే 6×4, అంటే వెనక రెండు ఆక్సిళ్లూ లాగే పది టైర్లది, తీసుకోండి. పుల్లర్ మీద కింగ్‌పిన్ కూర్చునే పళ్లెం (ఫిఫ్త్ వీల్) ఎత్తు ట్రైలర్ మెడకి సరిపోతోందా లేదా ముందే కొలవాలి. పుల్లర్ ఎత్తుగా ఉంటే డెక్ వెనక్కి వాలుతుంది, బరువంతా చివరి ఆక్సిల్ మీద పడి ఆ నాలుగు టైర్లే ముందు అరుగుతాయి.

సస్పెన్షన్‌కి కమాన్ పట్టీలు, బ్యాలెన్స్ బీములు ఉన్నదే ఇక్కడికి మేలు. గాలి బెలూన్లు మెత్తగా ఉంటాయి, నిజమే. రాజోలు అవతల తెల్లవారుజామున బెలూన్ చినిగితే బాగుచేసేవాడు దొరకడు. కమాన్ పట్టీ అయితే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

పాత ట్రైలర్ కొంటుంటే ముందు మెడ వంపు చూడండి. మెడ దిగి డెక్‌లో కలిసే మూల దగ్గర ప్రతి గతుకూ పని చేస్తుంది, పగులు మొదలయ్యేది అక్కడే. కింది పలక మీద అడ్డంగా పట్టీ వేసి వెల్డింగ్ చేసి ఉంటే ఆ బండి వదిలేయండి. అడ్డపు వెల్డు పక్కనే కొత్త పగులు వస్తుంది. సరైన మరమ్మతు అయితే పట్టీ చివరలు కోసుగా ఉండి, వెల్డు బీము పొడవునా సాగుతుంది. ఆ మూల చుట్టూ మాత్రమే కొత్త పెయింటు మెరుస్తుంటే గోకి చూపించమనండి. తర్వాత మెడ వెనక నుంచి తోక దాకా బీము వెంట దారం లాగండి. ఖాళీగా ఉన్న మంచి ట్రైలర్ నడుము కొద్దిగా పైకి లేచి ఉంటుంది. దారానికి సమంగా ఉందంటే బాగా మోసిందని, కిందికి దిగి ఉందంటే మోయకూడనిది మోసిందని అర్థం. కింగ్‌పిన్ రెండంగుళాలదైతే కొత్తప్పుడు 50.8 మి.మీ., 49కి వస్తే మార్చాల్సిందే. వర్నియర్ లేకుండా పోవద్దు. కొత్తది చేయిస్తుంటే, అది విజయవాడ ఆటోనగర్‌లో అయినా ఇంకెక్కడైనా, బీములకి ఐఎస్ 2062 ఈ350 ఉక్కు వాడుతున్నట్టు మిల్లు సర్టిఫికెట్ అడగండి. ఈ250తో అదే బలం రావాలంటే పలక మందం పెరగాలి, ఆ బరువు మీ సరుకులోంచే పోతుంది.

తీరం పక్కన నడిచే బండికి తుప్పు ప్రత్యేకమైన బాధ. రొయ్యల చెరువులో పనిచేసిన మిషన్ నుంచి కారే ఉప్పునీళ్లు, మట్టి బీము కింది అంచులో చేరి అక్కడే ఉంటాయి. పైన పెయింటు బాగానే కనిపిస్తుంది, లోపల పొరలు పొరలుగా ఊడుతుంది. చేయించేటప్పుడే నీళ్లు నిలిచే ప్రతి మూలా కారడానికి తూటు పెట్టించాలి. లోడు దింపిన రోజే మంచినీళ్లతో కింది నుంచి కడగాలి. కడిగాక బ్రేక్ క్యామ్ బుష్‌లకి, స్లాక్ అడ్జస్టర్లకి గ్రీజు ఎక్కించాలి. అవి బిగుసుకుంటే బ్రేకు పట్టకపోవడం కంటే వదలకపోవడం పెద్ద సమస్యవుతుంది, డ్రమ్ము కాలి టైరు దాకా పోతుంది.

డెక్‌కి ఇనుప చెక్కర్ ప్లేటు కంటే నల్లమద్ది లాంటి గట్టి చెక్క పలకలు మంచివి. ఇనుము మీద ఇనుప చైన్ తడిస్తే నిలవదు. ఎంత గట్టిగా బ్రేకు వేసినా కదలకుండా ఉండాలంటే మిషన్ బరువులో 80 శాతం బలాన్ని ముందు వైపుకి ఆపగలగాలి. అంటే 21 టన్నులకి దాదాపు 17. గ్రేడ్ 80 గొలుసు 10 మి.మీ.దైతే కట్టు సామర్థ్యం 63 కిలోన్యూటన్లు, సుమారు 6.4 టన్నులు. 13 మి.మీ.దైతే 100 కిలోన్యూటన్లు, పది టన్నులు. గొలుసు ఏటవాలుగా కడతాం కాబట్టి అందులో కొంత పోతుంది. కాబట్టి నాలుగు మూలలకీ 13 మి.మీ. గొలుసులు, బకెట్ మీదుగా ఒకటి. చైన్ ఫ్రేముకి ఉన్న కన్నాలకే కొక్కేలు తగిలించాలి, సిలిండర్ రాడ్లకీ ట్రావెల్ మోటార్ పైపులకీ కాదు. పది, పదిహేను కిలోమీటర్లు పోయాక ఆగి బిగింపు చూడాలి, మట్టి రాలి చైన్ కిందికి కూర్చుంటే గొలుసు వదులవుతుంది.

దారి విషయం. నరసాపురం నుంచి సఖినేటిపల్లి పంటు మీద లోబెడ్ ఎక్కదు, చించినాడ మీదుగా చుట్టి రావాల్సిందే. వంతెనల మీద బరువు ఆంక్షలు మరమ్మతుల్ని బట్టి మారుతుంటాయి. బయల్దేరే ముందు రోజు ఆర్ అండ్ బీ వాళ్లనో, ఆ దారిలో తిరిగే లారీ డ్రైవర్లనో అడగండి. చిన్న కాలువ వంతెన బోర్డు మీది టన్నులకి మొత్తం బండి సరిపోకపోతే, మిషన్‌ని దింపి విడిగా నడిపించడం ఒక దారి. 45 టన్నులు ఒకేసారి పడే బదులు 22, 23గా పడుతుంది. తారు చెడకుండా చైన్ కింద పాత టైర్లు పరచాలి. అది కూడా బోర్డు ఒప్పుకుంటేనే.

షెడ్‌కి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఒప్పందం కాగితంలో ‘40 టన్నుల లోబెడ్ ఒకటి’ అని రాయించుకోవద్దు. లోడు మీద డెక్ ఎత్తు, కింగ్‌పిన్ నుంచి మధ్య ఆక్సిల్ దూరం, ర్యాంపు పొడవు, తోక జాకీలు, స్ప్రింగ్ చాంబర్లు ఎన్ని ఆక్సిళ్లకి, ఉక్కు గ్రేడు, ఖాళీ బరువు ఇన్ని కిలోలకి మించకూడదన్న షరతు రాయించండి. డెలివరీ రోజున ఖాళీ ట్రైలర్‌ని వేబ్రిడ్జి ఎక్కించి, చీటీ చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.